బొబ్బలు కనిపించని బొబ్బల జబ్బు

పెంఫిగస్ అనే బొబ్బల జబ్బు గురించి ఫోన్‌లో వెతికితే ముందు కనిపించేవి ఒళ్లంతా పెద్ద పెద్ద నీటి బొబ్బలున్న ఫొటోలు. అవి చూసి "నాకు అలాంటివేమీ లేవు కదా, ఇది ఆ జబ్బు కాదులే" అని నిశ్చింతగా ఉండిపోయినవాళ్లను ఓపీలో చాలామందిని చూశాను. నిజం చెప్పాలంటే పెంఫిగస్‌తో వచ్చిన మనిషి ఒంటి మీద పగలకుండా నిండుగా ఉన్న బొబ్బ ఒక్కటి దొరికితే మాకు పండగే. మామూలుగా దొరికేవి బొబ్బ పగిలిపోయాక మిగిలిన పచ్చి పుండ్లు, వాటి అంచున వేలాడే పలచటి తోలు, పక్కు కట్టిన మచ్చలు. ఇంకా తొలి రోజుల్లో అయితే అవి కూడా ఉండవు, నోట్లో పుండ్లు ఒక్కటే ఉంటాయి.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఈ జబ్బుల మందుల గురించి, స్టెరాయిడ్ల సైడ్ ఎఫెక్టుల గురించి రాసినవి చాలానే దొరుకుతాయి గానీ, అసలు మొదట్లో మనిషికి ఏమవుతుంది, ఎక్కడ మొదలవుతుంది, దాన్ని చూసి ఏమని పొరబడతారు అన్నది తీరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ముందు తెలియాల్సింది అదే అనిపిస్తుంది. చాలామందిలో జబ్బు మొదలైన వారాలకో నెలలకో గానీ ఒంటి మీద బొబ్బ లేవదు. అప్పటిదాకా అది వేరే పేర్లతో చలామణీ అవుతూ ఉంటుంది: నోటిపూత, చిగుళ్ల వాపు, చుండ్రు, ఎలర్జీ, వయసు మీద పడితే వచ్చే దురద.

ముందు లోపల జరిగేదేంటో కాస్త చెప్పుకుందాం, ఇది పట్టుబడితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. చర్మం పై పొరలోని కణాలు డెస్మోజోమ్ అనే అతుకులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చొక్కాకి ఉండే ప్రెస్ బటన్లు అనుకోండి. ఆ అతుకుల్లో డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్లు ఉంటాయి, మనకు ఇక్కడ కావలసినవి రెండు: డెస్మోగ్లీన్ 1, డెస్మోగ్లీన్ 3. పెంఫిగస్‌లో, సూక్ష్మజీవులతో పోరాడాల్సిన యాంటీబాడీలు వచ్చి ఈ ప్రొటీన్ల మీద పడతాయి. అతుకు ఊడుతుంది, కణాలు విడిపోతాయి, ఆ ఖాళీలో నీరు చేరుతుంది. పెంఫిగాయిడ్ అనే రెండో రకం జబ్బుల్లో దెబ్బ ఇంకొంచెం లోతున పడుతుంది. పై పొర మొత్తాన్ని కింది పొరకు పట్టి ఉంచే చోట బీపీ 180, బీపీ 230 అనే ప్రొటీన్లు ఉంటాయి, అక్కడ యాంటీబాడీలు చేరతాయి. కాబట్టి పెంఫిగస్ బొబ్బకు పైకప్పు పలచన, బట్ట రాసుకున్నా పగిలిపోతుంది. పెంఫిగాయిడ్ బొబ్బకు పై పొర మొత్తం పైకప్పే, అందుకే అది బిగుతుగా లేచి రోజుల తరబడి అలాగే నిలుస్తుంది.

ఇంకో చిన్న లెక్క ఉంది. నోటి లోపలి పొరలో డెస్మోగ్లీన్ 3దే పెత్తనం, 1 అక్కడ చాలా తక్కువ. చర్మంలో రెండూ ఉంటాయి, పైకి వచ్చేకొద్దీ 1 ఎక్కువ. అందువల్ల 3 మీద మాత్రమే యాంటీబాడీలున్న మనిషికి నోరంతా పుండవుతుంది గానీ చర్మాన్ని ఆ 1 కాచుకుంటుంది. కొన్నాళ్లకు 1 మీద కూడా యాంటీబాడీలు పుడితే అప్పుడు ఒంటి మీద మొదలవుతాయి. మొదటినుంచీ 1 మీదే ఉంటే అది పెంఫిగస్ ఫోలియేషియస్, అది నోటి జోలికి రాదు, చర్మం పైపైన ఊడుతుంది. అంటే రోగి నోరు తెరిపించి, చొక్కా విప్పించి చూస్తే, రక్తపరీక్ష రిపోర్టు రాకముందే ఏ యాంటీబాడీ ఉండొచ్చో చాలావరకు ఊహించవచ్చు. ఇన్నేళ్లయినా ఈ సంగతి నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇక డెస్మోగ్లీన్ 3 మీద యాంటీబాడీలతో మొదలయ్యే రకం, పెంఫిగస్ వల్గారిస్. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల వాళ్లలో చూస్తాం, కుర్రవాళ్లకు రాదని కాదు. ఆడా మగా తేడా పెద్దగా లేదు. సగానికి పైగా మందిలో ఇది మొదలయ్యేది నోట్లోనే. బుగ్గల లోపలి వైపు, అంగిలి, చిగుళ్లు, కింది పెదవి లోపల. మామూలు నోటిపూత ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, చిన్నగా గుండ్రంగా, మధ్యలో పసుపు తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ ఎప్పుడో ఇంకోచోట వస్తుంది. పెంఫిగస్ పుండుకు ఆ గుండ్రటి ఆకారం ఉండదు. అంచులు గజిబిజిగా, పొర చిరిగినట్టు, అడుగు ఎర్రగా పచ్చిగా ఉంటుంది. ఒకటి మానకముందే పక్కన ఇంకోటి లేస్తుంది, రెండూ కలిసిపోతాయి, మానడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు గడిచినా మానదు. టార్చి వేసి, చెక్క పుల్లతో బుగ్గను కాస్త పక్కకు జరిపి చూస్తే పుండు అంచున తెల్లటి పొర వదులుగా లేచి ఉండటం కనిపిస్తుంది. పుల్లను కాస్త గట్టిగా నొక్కానంటే బాగున్నచోట కూడా పొర జారుతుంది, కాబట్టి ఆ పని చాలా నెమ్మదిగా చేయాలి.

ఒకావిడ గుర్తొస్తున్నారు. కూర్చుని మాట్లాడుతుంటే పెదాలు సరిగ్గా కదలడం లేదు, మాట ముద్దగా వస్తోంది, ప్రతి రెండు మాటలకీ ఆగి రుమాలుతో పెదవుల చివర అద్దుకుంటున్నారు. ఎన్నాళ్లుగా అంటే, చాలా నెలలుగా అన్నారు. మొదట విటమిన్ మాత్రలు, తర్వాత మౌత్ వాష్, తర్వాత ఫంగస్ అని జెల్, తర్వాత పన్ను గుచ్చుకుంటోందేమోనని పన్ను అరగదీయించడం. బ్రష్ చేస్తే నెత్తురు వస్తోందని బ్రష్ మానేశారు. ముందు నమలాల్సినవి మానేశారు, తర్వాత వేడివి, చివరికి చల్లగా, పలచగా ఉంటే తప్ప మింగలేని స్థితికి వచ్చి బరువు బాగా తగ్గిపోయారు. ఒంటి మీద ఎక్కడైనా ఉన్నాయా అని అడిగితే "లేవండీ, నోరొక్కటే" అన్నారు. తల చూపించమన్నాను. జుట్టు పాయలు విడదీస్తే మాడు మీద పక్కు కట్టిన చోటు ఒకటి, జుట్టు అతుక్కుపోయి, కింద తడిగా ఉంది. దాన్ని ఆవిడ దువ్వెన గీసుకుందనుకున్నారు. ఆ పక్కు పక్కన పరీక్షకు తీసిన చర్మం ముక్కలోనే జబ్బు బయటపడింది.

అందుకే నేను నోట్లో పుండ్లున్నాయని వచ్చిన ప్రతివాళ్ల తలా చూస్తాను, వీపూ చూస్తాను, బొడ్డు కూడా చూస్తాను. ఇంకా అడగాల్సినవి కొన్ని ఉంటాయి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. గొంతు బొంగురుపోయిందా? మింగేటప్పుడు ఛాతీ వెనక నొప్పి ఉందా? ముక్కులో ఎప్పుడూ రక్తం పక్కు కట్టి ఉంటోందా? కళ్లు ఎర్రబడుతున్నాయా? మూత్రానికి వెళ్తే మంటగా ఉందా, జననాంగాల దగ్గర పుండ్లున్నాయా? చివరి ప్రశ్నకు ముందు లేదనేవాళ్లు, తలుపు వేసి మళ్లీ నెమ్మదిగా అడిగితే ఉందంటారు. సిగ్గు వల్ల కొందరు ఏళ్ల తరబడి దాన్ని వేరే ఇన్‌ఫెక్షన్ అనుకుని, లోలోపల ఏవేవో భయాలు పెట్టుకుని ఉంటారు.

చర్మం మీదికి వచ్చేసరికి మాడు, ముఖం, ఛాతీ, వీపు, చంకలు, గజ్జలు. బొబ్బ లేచినప్పుడు చుట్టూ చర్మం మామూలుగానే ఉంటుంది, పెద్దగా ఎరుపు ఉండదు. లోపల తేటనీరు, సంచి వదులుగా జారిపోతూ ఉంటుంది, కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో పగులుతుంది. పగిలిన చోటు మానకుండా అంచుల వైపు పాకుతుంది. దురద కంటే మంట, నొప్పి ఎక్కువ. పొద్దున లేస్తే దుప్పటి వీపుకు అతుక్కుపోయి ఉంటుంది, దాన్ని లాగితే ఉన్న కాస్త తోలు కూడా వచ్చేస్తుంది. (లాగొద్దు. సెలైన్‌తోనో శుభ్రమైన గోరువెచ్చటి నీళ్లతోనో బాగా తడిపి, నానాక తీయాలి.) ఎక్కువ చోట్ల పుండ్లుంటే ఒక రకమైన వాసన వస్తుంది, దాని గురించి ఇంట్లోవాళ్లు పైకి అనరు, రోగికి మాత్రం తెలిసిపోతూ ఉంటుంది. మానిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది గానీ గుంట పడదు, తోలు ముడుచుకుపోదు. పుండు పైపొరలోనే ఉంటుంది కాబట్టి. నెలలు గడిచేకొద్దీ మచ్చ రంగు కూడా తేలికవుతుంది. చంకల్లో, గజ్జల్లో మాత్రం కొందరికి మానే బదులు గడ్డలు కట్టి ఉబ్బుగా పెరుగుతుంది, దాన్ని పెంఫిగస్ వెజిటాన్స్ అంటాం. గోళ్ల మొదట్లో వాపు, చీము లాంటిది వచ్చి గోరు ఊడటం కూడా చూస్తాం, దాన్ని గోరుచుట్టు అని వదిలేస్తారు.

మేము చేసే ఒక పరీక్షకు రష్యాకు చెందిన చర్మవైద్యుడు ప్యోత్ర్ నికోల్‌స్కీ పేరు ఉంది. పుండు పక్కన బాగున్నట్టు కనిపించే చర్మం మీద, కింద ఎముక ఉన్నచోట, బొటనవేలితో పక్కకు నెట్టినట్టు రుద్దితే పై పొర జారి ఊడొస్తుంది. పెంఫిగస్ చురుగ్గా ఉన్నప్పుడు ఇది కనిపిస్తుంది, పెంఫిగాయిడ్‌లో మామూలుగా కనిపించదు. ఇంకో పద్ధతిలో ఉన్న బొబ్బనే పైనుంచి నొక్కితే అది పక్కలకు విస్తరిస్తుంది, దానికి డెన్మార్క్ వైద్యుడు అస్బో-హాన్సెన్ పేరు. అలాగని ఇదే తుది మాట అనుకోవద్దు, మందులు పడక ఒళ్లంతా తోలు ఊడిపోయే జబ్బుల్లో, చిన్నపిల్లలకు బ్యాక్టీరియా విషం వల్ల చర్మం ఊడే జబ్బులో కూడా నికోల్‌స్కీ కనిపిస్తుంది. ఇంట్లో మాత్రం దయచేసి ఎవరూ ప్రయత్నించొద్దు. నెట్‌లో చదివి తన చేతుల మీద తనే రుద్దుకుని పుండ్లు చేసుకుని వచ్చిన ఒక కుర్రాడికి చివరికి జబ్బేమీ లేదు, టెన్షన్ తప్ప.

ఫోలియేషియస్ సంగతి వేరే. అందులో బొబ్బ ఎంత పైపొరలో వస్తుందంటే దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. రోగికి కనిపించేవి పొలుసులు, తడి పక్కులు, కింద ఎరుపు. మాడు, ముక్కు పక్కలు, ఛాతీ మధ్య, వీపు పైభాగం. సరిగ్గా చుండ్రు ముదిరితే వచ్చే చోట్లే కావడంతో చుండ్రు షాంపూలు, ఫంగస్ క్రీములు నెలల తరబడి నడుస్తాయి. ఎండకు ఎక్కువవుతుంది. మనిషి పైకి ఆరోగ్యంగానే ఉంటాడు, తింటాడు, తిరుగుతాడు, నోరు బాగుంటుంది. బ్రెజిల్‌లో కొన్ని పల్లె ప్రాంతాల్లో ఇదే జబ్బు ఒకే ఇంట్లో, ఒకే ఊళ్లో చాలామందికి కనిపిస్తుంది, అక్కడ దాన్ని ఫోగో సెల్వాజెమ్ అంటారు. ఒక రకం నల్ల ఈగల కాటుకు, ఆ జబ్బుకు సంబంధం ఉందని చాలాకాలంగా అనుకుంటున్నారు. ఇలా ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడే ఆటోఇమ్యూన్ జబ్బు ఒక ప్రాంతాన్ని పట్టుకుని ఉండటం అరుదు, అందుకే దాని మీద పరిశోధకులకు అంత ఆసక్తి.

ఇప్పుడు పెద్దవాళ్ల దగ్గరికి వద్దాం. బుల్లస్ పెంఫిగాయిడ్ ఎక్కువగా 60 దాటినవాళ్లకు, అందులోనూ 70లు, 80లలో ఉన్నవాళ్లకు వస్తుంది. ఇక్కడ మొదట వచ్చేది దురద. మామూలు దురద అనుకోకండి. ఒక పెద్దాయన్ని ఆయన కూతురు తీసుకొచ్చింది.

"మేడం, నాన్నకి రాత్రంతా గోకుడే. ఆయనా పడుకోడు, మమ్మల్నీ పడుకోనివ్వడు."

"ఏం లేదమ్మా, ఒళ్లు పొడిబారింది అంతే. ఇది ఊరికే కంగారు పడుతుంది" అని ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ముందుకు పెట్టించి చూస్తే ముంజేతుల లోపలి వైపు, నడుం పక్కల, తొడల లోపల ఎర్రగా ఉబ్బిన దద్దుర్లు. మామూలు దద్దుర్లు ఒక్కోటీ ఇరవైనాలుగు గంటల్లో మాయమవుతాయి, ఇవి రోజుల తరబడి అక్కడే ఉన్నాయి. ఆయన గోళ్లు బాగా నున్నగా అరిగిపోయి మెరుస్తున్నాయి, అంతగా గోకుతున్నాడన్నమాట. బొబ్బ ఒక్కటీ లేదు. కొత్త మందులేమైనా వాడుతున్నారా అంటే షుగర్‌కి కొన్ని నెలల కిందట మాత్ర మార్చారని కూతురు చీటీ తీసి చూపించింది. గ్లిప్టిన్ రకం మాత్ర.

ఈ మందుల గురించి చెప్పకుండా వదల్లేను. డీపీపీ-4 ఇన్హిబిటర్లు, అంటే పేరు చివర గ్లిప్టిన్ అని వచ్చే షుగర్ మాత్రలు వాడేవాళ్లలో కొద్దిమందికి ఈ జబ్బు మొదలవుతుందని ఇప్పుడు బాగానే తెలుసు, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్‌తో. మొదలుపెట్టిన నెలల తర్వాత కూడా రావచ్చు కాబట్టి రోగికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఆ రెంటినీ కలిపి చూడాలని తట్టదు. కొన్ని క్యాన్సర్లకు వాడే పీడీ-1 రకం ఇమ్యునోథెరపీ మందులతోనూ వస్తుంది. అలాగని ఎవరూ సొంతంగా మాత్రలు ఆపేయకండి, షుగర్ మాత్ర మార్చడానికి వేరే మాత్రలున్నాయి, అది రాసిన డాక్టరుతో ఒక్క మాట అనుకుని చేయాల్సిన పని. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్న వృద్ధుల్లో కూడా ఈ పెంఫిగాయిడ్ ఎక్కువ. వాళ్లలో కొందరు దురద అని నోటితో చెప్పలేరు, చిరాకు పడటం, నిద్రపోకపోవడం, దుప్పటి మీద రక్తపు చారలు, ఇవే ఆనవాళ్లు.

ఈ దురద దశ వారాల నుంచి నెలల దాకా నడవొచ్చు. తర్వాత ఒకరోజు బొబ్బలు లేస్తాయి: బిగుతుగా, గుండ్రంగా, ఒక సెంటీమీటరు నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా, లోపల తేటనీరు, కొన్నిట్లో రక్తం కలిసిన నీరు. ఎర్రటి దద్దురు మీదా లేస్తాయి, మామూలు చర్మం మీదా లేస్తాయి. పొత్తికడుపు, తొడల లోపల, మడతల దగ్గర ఎక్కువ. నోట్లో కొద్దిమందికే వస్తుంది, వచ్చినా పెంఫిగస్‌లా మనిషిని తినకుండా చేసేంత ఉండదు. కొందరికి అసలు బొబ్బ రానే రాదు, దురదా దద్దుర్లతోనే జబ్బు సాగిపోతుంది. రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగి ఉంటే ఎలర్జీ అన్న నమ్మకం ఇంకా బలపడుతుంది, పెంఫిగాయిడ్‌లో అవి పెరగడం మామూలే అయినా సరే. నా లెక్క ఇదీ: 70 దాటిన మనిషికి కొత్తగా మొదలైన దురద, ఎన్ని మాత్రలు వాడినా ఆరేడు వారాలకు కూడా తగ్గకపోతే, బొబ్బ కోసం ఎదురుచూడకుండా ముక్క తీసి పంపాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గర్భిణుల్లో ఇదే బీపీ 180 మీద యాంటీబాడీలతో వచ్చేది పెంఫిగాయిడ్ జెస్టేషనిస్, ఎక్కువగా ఐదారు నెలలు దాటాక బొడ్డు చుట్టూ దురద దద్దుర్లతో మొదలై పాకుతుంది, కాన్పు తర్వాత తగ్గుతుంది, మళ్లీ గర్భంలో తిరిగి రావచ్చు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద గుంపులుగా చిన్న చిన్న పొక్కులు, భరించలేని దురద. గోకేయడం వల్ల పొక్కు కనబడదు, గీరుకుపోయిన గుర్తులే మిగులుతాయి. దాని మూలం పేగుల్లో, గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడకపోవడంలో ఉంది, డాప్సోన్ మాత్ర పడితే కొద్ది రోజుల్లోనే దురద తగ్గడం చూసి రోగులు ఆశ్చర్యపోతారు, కానీ గ్లూటెన్ మానేయడమే అసలు వైద్యం. లీనియర్ ఐజీఏ జబ్బు పిల్లల్లో వస్తే పాత మచ్చ చుట్టూ కొత్త పొక్కులు వరుసగా పేర్చినట్టు లేస్తాయి. పెద్దవాళ్లలో కొన్నిసార్లు వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ తర్వాత వస్తుంది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అక్విజిటా అని ఇంకోటుంది, దెబ్బలు తగిలే చోట్ల, మోచేతులు, మోకాళ్లు, చేతివేళ్ల కణుపుల మీద బొబ్బలు లేచి, మానాక తోలు బిగిసి చిన్న చిన్న తెల్ల గింజలు మిగులుతాయి.

రెండింటి దగ్గర మాత్రం ఆగాలి. ఒకటి మ్యూకస్ మెంబ్రేన్ పెంఫిగాయిడ్. నోరు, కళ్లు దీని గురి, చర్మం మీద దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. చిగుళ్లు నెలల తరబడి ఎర్రగా ఊడుతుంటాయి, కళ్లు ఎర్రబడి ఇసుక పడినట్టు గరగరలాడతాయి, కండ్లకలక చుక్కలు వేసుకుంటూ గడిపేస్తారు. లోపల మాత్రం మచ్చ కడుతూ కింది రెప్ప గుడ్డుకు అతుక్కోవడం మొదలవుతుంది. కింది రెప్పను వేలితో కిందికి లాగి పైకి చూడమంటే లోపల సన్నటి పొర తీగలా సాగుతుంది, అది కనిపించిందంటే ఇక రోజులు లెక్కపెట్టుకుని పరుగెత్తాల్సిందే, ఎందుకంటే కట్టిన మచ్చ వెనక్కి పోదు, చూపు పోతుంది. రెండోది పారానియోప్లాస్టిక్ పెంఫిగస్, 1990లో గ్రాంట్ ఆన్హాల్ట్ బృందం వివరించింది. నోరంతా పుండ్లు, పెదవుల మీద నల్లగా నెత్తురు పక్కులు, ఏ మందుకూ లొంగని నొప్పి. చర్మం మీద రకరకాల మచ్చలు కలగాపులగంగా ఉంటాయి. వెనక లింఫోమా, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, కాసిల్‌మన్ జబ్బు, థైమోమా లాంటి క్యాన్సరో కణితో దాగి ఉంటుంది, ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. పెదాల మీద ఆ పక్కులు చూస్తే చర్మాన్ని పక్కన పెట్టి ముందు ఛాతీ, కడుపు స్కాన్ రాస్తాం.

ఇంతా చదివి ప్రతి బొబ్బకూ హడలిపోకండి. కాలిన బొబ్బ, చెప్పు కొరికిన బొబ్బ, పురుగు పాకితే వచ్చే పొక్కు, సర్పి, పిల్లలకు వచ్చే చీము పొక్కులు, ఇవే ఎక్కువ. ఆటోఇమ్యూన్ బొబ్బల జబ్బులు అరుదైనవే.

నిర్ధారణ గురించి ఒక ముఖ్యమైన సంగతి, రోగులకే కాదు, కుర్ర డాక్టర్లకు కూడా. బయాప్సీ రెండు ముక్కలు తీయాలి. ఒకటి కొత్తగా లేచిన బొబ్బ అంచు నుంచి, మామూలు మైక్రోస్కోపు పరీక్షకు, ఫార్మలిన్‌లో వేస్తాం. రెండోది పుండు పక్కన బాగున్న చర్మం నుంచి, డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ కోసం, అంటే చర్మంలో చేరిన యాంటీబాడీలు వెలిగేలా చేసి చూసే పరీక్షకు, ఇది ఫార్మలిన్‌లో వేస్తే పాడైపోతుంది, మిషెల్స్ అనే వేరే ద్రావణంలో వేయాలి. ఆ రెండో ముక్కను పచ్చి పుండు మధ్య నుంచి తీస్తే అక్కడ యాంటీబాడీ మిగిలి ఉండదు, రిపోర్టు నెగటివ్ వస్తుంది, జబ్బు లేదని చీటీ చేతిలో పెట్టుకుని మనిషి ఇంకో ఆరు నెలలు తిరుగుతాడు. సరిగ్గా తీస్తే పెంఫిగస్‌లో పైపొరలో ప్రతి కణం చుట్టూ గీత గీసినట్టు ఆకుపచ్చగా వెలుగుతుంది, పెంఫిగాయిడ్‌లో పైపొర అడుగున ఒకే గీత తిన్నగా వెలుగుతుంది. అది మొదటిసారి చూసిన ఏ విద్యార్థీ మర్చిపోలేడు. రక్తంలో యాంటీబాడీలను ఎలీసా అనే రక్తపరీక్షతో కొలుస్తాం.

ఈ రెండు కుటుంబాలూ వేరని తేల్చింది వాల్టర్ లీవర్, 1953లో, మైక్రోస్కోపు కింద బొబ్బ ఏ పొరలో ఉందో చూసి. 1964లో బ్యూట్నర్, జోర్డన్ పెంఫిగస్ రోగుల రక్తంలో యాంటీబాడీలున్నాయని చూపించారు. స్టెరాయిడ్లు రాకముందు, అంటే 1950ల ముందు, పెంఫిగస్ వల్గారిస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లలోనే చనిపోయేవాళ్లు. తోలు లేని ఒంటి నుంచి నీరు, ప్రొటీన్లు కారిపోవడం, ఇన్‌ఫెక్షన్ రక్తానికి ఎక్కడం, అదీ కారణం. ఇవాళ కూడా ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇన్‌ఫెక్షనే, కాకపోతే ఇప్పుడు దానికి మందుల వల్ల తగ్గిన రోగనిరోధక శక్తి కూడా తోడవుతుంది. అందుకని చలి జ్వరం, పుండ్లలో చీము, ఉన్నట్టుండి నొప్పి పెరగడం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండటం, ఇవి కనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. నోరు తగ్గుతూ తగ్గుతూ ఒక్కసారిగా ఎక్కువైతే జబ్బు తిరగబెట్టిందనుకునే ముందు హెర్పిస్, ఫంగస్ చేరాయేమో చూడాలి, స్టెరాయిడ్ పెంచేస్తే అక్కడ గొడవ ఇంకా ముదురుతుంది.

మందుల జోలికి ఎక్కువ పోను. పెంఫిగస్‌లో స్టెరాయిడ్లతో పాటు రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఇప్పుడు ముందు వరసలోకి వచ్చింది, 2018లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని పెంఫిగస్ వల్గారిస్‌కి ఆమోదించింది. పెంఫిగాయిడ్‌లో నాకు నచ్చే సంగతి ఏంటంటే, ఘాటైన స్టెరాయిడ్ క్రీమ్ ఒళ్లంతా పూయడం మాత్రలకు దీటుగా పనిచేస్తుంది, జబ్బు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో మాత్రల కంటే ప్రాణాలకు క్షేమమని 2002లో ఫ్రాన్స్‌లో జరిగిన ట్రయల్ చూపించింది. అయినా "క్రీమేంటి మేడం, గట్టి మాత్ర రాయండి" అనేవాళ్లే ఎక్కువ. పూయడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి కదా, అది కూడా ఒక కారణమే.

అన్నట్టు, ఇవి అంటుకోవు. బొబ్బలోని నీరు తగిలినా, పక్కన పడుకున్నా, గ్లాసు మార్చుకున్నా రాదు. వేరే గదిలో పడుకోబెట్టి, పళ్లెం విడిగా పెట్టే ఇళ్లకు ఈ మాట నేను రోగి ఎదురుగానే, గట్టిగా చెబుతాను.

ఇక తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది? పాత పుండ్లు ఎన్ని మిగిలాయన్నది కాదు, కొత్తవి వస్తున్నాయా అన్నది ముందు చూస్తాం. రెండు వారాలుగా కొత్తది ఒక్కటీ లేదంటే, వీపంతా పక్కులున్నా సరే జబ్బు దారికొస్తున్నట్టే. ఫోన్‌తో అదే చోట, అదే వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకుంటే మాటల కంటే అవే బాగా చెబుతాయి, వీపుకు, మాడుకు మరీను. చర్మం ముందు మానుతుంది, నోరు చివర్లో మానుతుంది, అందులోనూ చిగుళ్లు అందరికంటే మొండివి, కాబట్టి ఒళ్లు శుభ్రంగా ఉండి చిగుళ్లు మాత్రం మిగిలితే నిరాశపడాల్సిన పని లేదు. ఎలీసా అంకెలను మాత్రం మరీ పట్టుకుని వేలాడకండి. డెస్మోగ్లీన్ 1 అంకె చర్మంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, 3 అంత నమ్మకస్తురాలు కాదు, జబ్బు పూర్తిగా అణిగినా కొందరిలో ఎక్కువగానే ఉండిపోతుంది. రిపోర్టులో 3 ఎక్కువ ఉందని కంగారుగా వచ్చి కూర్చున్నవాళ్లను నేను ముందు నోరు తెరవమంటాను, లోపల ఏమీ లేకపోతే మందు పెంచను.